దిక్కు దాచని ఊరు

ఇవాళ సాయంత్రం నాలుగున్నర వేళ, దండెం మీది బట్టలు తీసి భుజాన వేసుకుంటూ ఉండగా మా గేటు ముందు ఒక మోటారు సైకిలు ఆగింది. దిగినాయన నాకు ముఖపరిచయం ఉన్నవాడే, కాలువకు అవతల కొత్తగా కట్టిన రొయ్యల షెడ్డులో మేస్త్రీ. ఇస్త్రీ చొక్కా, చేతిలో పిల్లల కోసమని బిస్కెట్ల పొట్లం. గేటు తీయకుండా బయటే నిలబడి ఎంతో మర్యాదగా పలకరించాడు.

"బాగుండావా అమ్మా? మీ పెద్దపాప బో తెలివిగలదంటనే. మండలాఫీసు దాకా అర్జీ పెట్టిందంట. మా షెడ్డులో ఆడోళ్ళంతా ఆ మాటే అనుకుంటా ఉండారు."

నేను నవ్వీ నవ్వనట్టు తల ఊపాను.

"అంత చిన్నబిడ్డ, బడి నించి ఒక్కతే వస్తుందేమో. ఏ దారిన వస్తుందమ్మా, కట్ట మీదనా, తోటలోంచా?"

ఆ మాట పూర్తవకముందే దండెం మీద మిగిలిన తువ్వాలు లాగి చేతిలోకి తీసుకున్నాను. అప్పటికింకా ఆయన మీద నాకు అనుమానం కలగలేదు, కోపం అసలే రాలేదు. ఆ ప్రశ్న మాత్రం నాకు తెలిసినది. ఇంతలో నా వెనక నుంచి మా చిన్నది, ఎనిమిదేళ్ళ పిల్ల, గేటు దాకా ఉరికి, "నాకు తెలుసు! మా అక్క తోట..." అని మొదలుపెట్టింది. దాని నోటికి అడ్డంగా చేతిలో ఉన్న తువ్వాలు పెట్టేశాను. "వాళ్ళ నాన్న బండి మీద తెస్తాడండీ" అన్నాను. చిన్నది తువ్వాలు తోసేసి నా వంక వింతగా చూసింది.

"డాడీ తడలో కదమ్మా ఉండేది! శనివారం గదా వచ్చేది!"

మేస్త్రీ చిన్నగా నవ్వాడు. "పిల్లలు అబద్ధం చెప్పరమ్మా" అని, బిస్కెట్ల పొట్లం గేటు దిమ్మ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పిల్లలు నిద్రపోయాక, వాళ్ళ పాత నోటుపుస్తకంలో మిగిలిన తెల్లకాగితాల మీద ఇది రాస్తున్నాను. ఆ ప్రశ్న నేను వినడం ఇది రెండోసారి. మొదటిసారి విన్నప్పుడు నాకు పదకొండేళ్ళు. అప్పుడు నా నోటికి ఎవరూ తువ్వాలు అడ్డం పెట్టలేదు. నేను జవాబు చెప్పాను.

ముందు మా పెద్దదాని సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఈ వేసవి సెలవులయ్యాక దాని తరగతిలో ముగ్గురు ఆడపిల్లలు బడికి రాలేదు. రోజూ తెల్లవారాక ఊరి చివర ఆగే వ్యాను ఎక్కి రొయ్యల షెడ్డుకు పోతున్నారని తెలిసింది. మా పిల్ల వాళ్ళ ఇళ్ళకు నాలుగుసార్లు తిరిగింది, తిట్లు తిన్నది, ఆఖరికి ప్రధానోపాధ్యాయురాలి చేత సంతకం పెట్టించుకుని సోమవారం అర్జీల రోజున మండలాఫీసులో కాగితం ఇచ్చి వచ్చింది. రేపు ఉదయం అక్కడి మేడం ఒకామె వ్యాను ఆగే చోటికి వస్తానని మాట ఇచ్చారట. అయితే ఆ ముగ్గురూ కొత్త మనిషిని చూసి వ్యాను దిగరనీ, తాను అక్కడ ఉంటేనే దిగుతారనీ మా పిల్ల అంటుంది. దాన్ని రేపు ఆ చోటికి పంపాలా, గదిలో పెట్టి గొళ్ళెం పెట్టాలా అన్నది తేల్చుకోలేక ఇలా కూర్చున్నాను.

విడవలూరు దాటి ఇంకా తూర్పుకు, సముద్రానికీ కాలువకూ మధ్యన ఉన్న ఇసుక పట్టీలో ఉంది మేము పెరిగిన ఈ ఊరు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కాలువ మీద వంతెన లేదు. ఏది కావాలన్నా, బడి కావాలన్నా, బియ్యం కావాలన్నా, పడవాయన గెడ వేసి దాటించాల్సిందే. దాటాక ఇటు కట్ట మీద చుట్టుదారి, అటు సరుగుడు తోటలో నుంచి అడ్డదారి. ఊళ్ళో మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు నెత్తళ్ళ చేపలు ఇసుకలో ఎండబోసి, మధ్యాహ్నం తిరగేసి, పొద్దు వాలాక గంపలకెత్తేవాళ్ళు. గాలి ఎటు తిరిగినా అదే వాసన. బడిలో కూర్చుంటే అవతలి ఊరి పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు, అప్పుడే మాకు మా వాసన తెలిసేది.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఇల్లు దాటే ఎవరైనా సరే, ఏ దిక్కున పోతున్నదీ గడపలో ఉన్నవాళ్ళకు చెప్పి పోవాలి. గడపలో ఉన్నవాళ్ళు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి. ఎవరు వచ్చి ఎవరి దిక్కు అడిగినా దాచకుండా చెప్పాలి. సముద్రం మీద బతికేవాళ్ళకు ఇది చాదస్తం కాదు. పడవ తిరిగి రాకపోతే పెద్దలు మొదట అడిగేది అదే, చివరగా చూసింది ఎవరు, ఎటు పోతున్నానన్నాడు అని. మా అవ్వ తమ్ముడు ఒకాయన ఉత్తరానికి వల తీసుకుపోతే, గడపలో ఉన్న పిల్ల ఆటలో పడి దక్షిణం అని చెప్పిందట. రెండు రోజులు దక్షిణాన వెతికారు. ఆ కథ మా ఊరి పిల్లలందరికీ ఉగ్గుతో పోసేవాళ్ళు. అందుకే దిక్కు అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పే పిల్లను మంచి పిల్ల అనేవాళ్ళు. ఆ లెక్కన నేను చాలా మంచి పిల్లను.

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, ఊళ్ళో పదో తరగతి గట్టెక్కిన మొదటి ఆడపిల్ల. అప్పటికి దానికి పదిహేడేళ్ళు. ఇంటరు చదవడానికి రోజూ పొద్దున్నే కాలువ దాటి పోయి, ఒంటిపూట కాలేజీ కాబట్టి మధ్యాహ్నానికి వచ్చేసేది. మనిషి సన్నం, గొంతు మాత్రం కెరటం మీద కూడా వినపడేది. తనతో పాటు చదివిన వాళ్ళంతా ఏడో తరగతి దగ్గరే ఆగిపోయి రొయ్యల గుంటల మీదికి కూలికి పోతుంటే చూడలేకపోయింది. అప్పుడే మా వైపు వరిచేలు తవ్వి రొయ్యల గుంటలు చేస్తున్న రోజులు. రొయ్య తల తీయడానికి చిన్న వేళ్ళు కావాలి. పొద్దుటి నుంచి ఐసులో చేతులు పెట్టి, సాయంత్రానికి వేళ్ళ సందులు తెల్లగా నాని, గోళ్ళ కింద రొయ్య ముల్లు విరిగి చీము పట్టి, అన్నం కలుపుకుంటే మండుతుందని ఆ పిల్లలు గరిటతో తినేవాళ్ళు.

అక్క ఎవరికీ నీతులు చెప్పలేదు. కాలేజీ నుంచి వచ్చి పుస్తకాల సంచి గుడిసె వాసానికి తగిలించి, నెత్తళ్ళు ఏరే ఆడవాళ్ళ మధ్య తానూ గొంతుక్కూర్చునేది. మాట నోటిదీ, పని చేతిదీ. చేప ఏరుతూ ఏరుతూ పక్కనున్నామెను అడిగేది, "పెద్దమ్మా, నీ కూతుర్ని నాకు పూటకిస్తావా?" అని.

"పూటకిచ్చేదానికి అదేమన్నా తెడ్డా మే?"

"తెడ్డయితే అడిగేదాన్నే కాదు. తెడ్డు మా నాయనకుండాది."

అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో అక్క తన మాట జారవిడిచేది. మధ్యాహ్నం చేప తిరగేసే దాకా పిల్లను మీరు ఉంచుకోండి, తిరగేసినాక నాకివ్వండి, గంపకెత్తే వేళకు మళ్ళీ తెచ్చి అప్పజెబుతా అని. పిల్లలు ఆ వేళకు వస్తే హాజరు వేయాలని బడిలో హెడ్మాస్టరు దగ్గర మూడు రోజులు నిలబడి ఒప్పించింది. మొదట ఆయన విసుక్కున్నా, తర్వాత మధ్యాహ్నం గంట కొట్టి మా పడవ కోసం కట్ట మీదికి వచ్చి చూసేవాడు. అలా తొమ్మిదిమంది ఆడపిల్లలు తిరిగి బడికి రావడం మొదలైంది. అందరిలోకీ చిన్నదాన్ని నేను. అక్క ముందు, మేము వెనక. దారి పొడుగునా ఎక్కాలు అప్పజెప్పించేది, తప్పు చెబితే తన సంచి మోయించేది. నేను కావాలనే తప్పులు చెప్పేదాన్ని, ఆ సంచి మోయడం నాకు అంత గొప్పగా ఉండేది.

తొమ్మిదిమంది పోయేసరికి గుంటల మీద చిన్న వేళ్ళు తక్కువయ్యాయి. గుంటలకు కూలీలను కుదిర్చే ఆయన ఉండేవాడు, మా ఊరివాడు కాదు. ఒకరోజు మా ఇంటి ముందు ఆగి, మంచినీళ్ళు అడిగి తాగి, చెంబు నా చేతికిస్తూ, "మీ అక్క యాడుందమ్మే, ఏ దిక్కున వస్తుంది?" అని అడిగాడు. ఎంత తియ్యగా అడిగాడో ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. మిగతా రోజులు మధ్యాహ్నమే కాలేజీ పిల్లలతో కట్ట మీద వస్తుంది, బుధవారం సాయంత్రం దాకా క్లాసులుంటాయి కాబట్టి ఆ రోజు మమ్మల్ని బడికి తీసుకుపోదు, పొద్దు వాలాక ఒక్కతే తోట దారిన వస్తుంది అని. "మంచి పిల్లవు" అని నా తల నిమిరాడు.

ఆ బుధవారం నలుగురు మగవాళ్ళు సరుగుడు తోటలో అక్కను ఆపారు. ఏమీ చేయలేదు. ఒంటి మీద చెయ్యి వేయలేదు, తిట్టలేదు కూడా. పోనివ్వలేదు, అంతే. దాన్ని మధ్యలో నిలబెట్టి, చుట్టూ ఇసుకలో కూర్చుని పేకాడుకున్నారట. చీకటి పడి, మనిషికి మనిషి కనపడని వేళయ్యాక, "ఇంక పో తల్లీ, మీ అమ్మ ఎతుక్కుంటుంది" అని లేచి పోయారట. మిగిలింది ఊరు చూసుకుంటుందని వాళ్ళకు తెలుసు. పదిహేడేళ్ళ పిల్ల చీకట్లో తోటలోంచి ఒంటరిగా వస్తే ఊరు ఏమనుకుంటుందో వాళ్ళు పేకముక్కల్లా ముందే లెక్క వేసుకున్నారు.

మర్నాడు వలలు బాగుచేసుకునే పాకలో పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్ళు పాక బయట. అక్క మాత్రం లోపలికి పోయి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది, ఏడవలేదు. ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "పిల్ల మీద చెయ్యి పడలేదు గదా, ఇంకేంది పంచాయితీ?" అన్నాడు. బయట నుంచి మా అవ్వ లేచింది.

"చెయ్యి పడుంటే గానీ నీకు పంచాయితీ కాదా? నీ నోట్లో మన్ను బొయ్య! నీ మనవరాల్ని నిలబెట్టి పేకాడమను, అప్పుడు చెబుదువు!"

అవ్వను బుజ్జగించి కూర్చోబెట్టారు. చాలాసేపు మాట్లాడుకుని ఒక కట్టుబాటు చేశారు, మా వైపు దాన్ని దురాయి అంటారు, వేస్తే ఊరంతా తల వంచాల్సిందే. ఇక నుంచి ఆడపిల్ల ఎవరూ ఒంటరిగా కాలువ దాటకూడదు. దాటించిన పడవాయన కూడా ఊరికి జవాబు చెప్పాలి. బడి మానమని వాళ్ళు అనలేదు. అంటే హెడ్మాస్టరు వచ్చి అడుగుతాడు. ఒంటరిగా వద్దు అన్నారు, మంచిమాట లాగానే ఉంది. ఆ పూట అందరి ఇళ్ళల్లోనూ ఆడపిల్లలకు ఒకే మాట చెప్పారు, అక్కతో కనిపిస్తే కాళ్ళు విరుగుతాయి అని. మా అమ్మ నన్ను కొట్టలేదు. నా రెండు భుజాలూ పట్టుకుని, "దాని పేరు పోయింది, నీది మిగలనీ" అంది. అమ్మ కళ్ళల్లో ఉన్నది భయమని అప్పుడు నాకు తెలియలేదు. ఇవాళ అద్దం చూసుకుంటే తెలిసింది.

శుక్రవారం ఉదయం అక్క సంచి తగిలించుకుని మామూలు వేళకు బయలుదేరింది. మా ఇంటి ముందు ఒక్క క్షణం ఆగిందేమో అనిపించింది, నేను దడి వెనక ఉన్నాను. ఆగి, మళ్ళీ నడిచి, కాలువ రేవులో నిలబడింది. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. పడవాయన గెడ పట్టుకుని కూర్చున్నాడు. ఎండ ఎక్కింది. తర్వాత అక్క తిరిగి వచ్చింది, వచ్చేటప్పుడు మా ఇంటి వైపు చూడలేదు. రెండు నెలలు తిరగకుండా తడ అవతల సంబంధం చూసి పెళ్ళి చేసి పంపేశారు.

అక్క అత్తారింటికి పోయాక మా అవ్వ ఊరుకోలేదు. నన్ను నాయుడుపేటలో ఆడపిల్లల హాస్టల్లో చేర్చేదాకా అన్నం ముట్టనని కూర్చుంది. అలా నేను చదువుకున్నాను, డిగ్రీ దాకా. తొమ్మిదిమందిలో ఇంకా ఇద్దరు చదివారు. మిగతా ఆరుగురు మళ్ళీ గుంటల మీదికే పోయారు. ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో అక్కను చాలాసార్లు కలిశాను. పిల్లల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. దారి చెప్పింది నేనే అన్న మాట ఒక్కటే నోరు దాటలేదు.

ఇక ఇవాళ్టికి వస్తాను. పెద్దది అయిదు దాటాక ఇల్లు చేరింది. దాన్ని చూడగానే కౌగిలించుకోవాల్సింది పోయి అరిచాను. రేపు బడీ వద్దు, వ్యానూ వద్దు, పొద్దున్నే బస్సెక్కి, ఇప్పుడు నాయుడుపేటలో ఉంటున్న అమ్మమ్మ దగ్గరికి పోతున్నాం అన్నాను. అది సంచి కూడా దించకుండా విన్నది.

"మరి వాళ్ళు ముగ్గురు?"

"వాళ్ళకు వాళ్ళ అమ్మలు ఉండారు."

"నీకూ అమ్మ ఉండింది గదా. మరి నిన్ను చదివించింది మీ అవ్వంట గదా?"

నా చెయ్యి లేచింది. ఇన్నేళ్ళలో దాని మీద నా చెయ్యి లేవడం అదే మొదలు. కొట్టలేదు గానీ లేవడం అది చూసింది. చిన్నది మూలన నిలబడి ఏడుస్తూ, తాను ఏం తప్పు చెప్పిందో అడుగుతోంది. దిక్కు అడిగితే చెప్పాలని దానికి నేర్పింది నేనే కదా. పద్ధతులు మనకు తెలియకుండానే మన నోట్లోంచి పిల్లల నోట్లోకి పోతాయి.

మా ఆయనకు ఫోన్ చేస్తే షిఫ్టులో ఉన్నాడు, ఎత్తలేదు. అప్పుడు ఎందుకో అక్కకు చేశాను. అది తడ బస్టాండు దగ్గర ఇడ్లీ కొట్టు నడుపుతోంది. వెనక గిన్నెలు తోముతున్న చప్పుడు.

"ఏందిమే, ఈ వేళప్పుడు? మీ ఆయన గురించా? మొన్న వచ్చినాడులే, ఆరిడ్లీలు తిని మూడని చెప్పినాడు."

నవ్వాలనుకున్నాను, ఏడుపు వచ్చింది. అది గిన్నెల చప్పుడు ఆపించి, పక్కకు వచ్చినట్టుంది. మొత్తం చెప్పాను. మేస్త్రీ, బిస్కెట్లు, మా పిల్ల, రేపటి వ్యాను. అదే ఊపులో, ఇన్నేళ్ళుగా మింగిన మాట కూడా కక్కేశాను. ఆ బుధవారం నీ దారి చెప్పింది నేనే అక్కా అని.

ఫోన్లో అటువైపు బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"దానికా ఏడస్తా ఉండావు? పిచ్చిదానా. వాడు నిన్ను ఒక్కదాన్నే అడిగినాడనుకున్నావా? మీ అమ్మనడిగినాడు, పడవాయన్నడిగినాడు, మా నాయన్నే అడిగినాడు. అందరూ చెప్పినారు. మన ఊళ్ళో దిక్కు దాచేదెవురు?"

"మరి నా మీద నీకు..."

"కోపం లేదని చెప్పను. దానికి కాదు."

అక్క ఊపిరి తీసుకోవడం వినిపించింది.

"శుక్రవారం పొద్దున రేవులో నిలబడినానే. పడవాయన ఏమన్నాడో తెల్సా? దురాయి ఒంటరిగా దాటకూడదని గదా తల్లీ, ఇంకొకరుంటే ఒంటరి కాదు గదా, చిన్నబిడ్డయినా సరే, ఎవుర్నన్నా పిలుచుకో, దాటిస్తా అన్నాడు. ఎండ నెత్తికొచ్చిందాకా నా కోసం పడవ ఆపినాడు. నేను మీ ఇంటి తట్టే చూస్తా ఉండా. దడి సందులో నీ పరికిణీ కనపడతానే ఉండింది."

ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"పిలవొచ్చు గదా అంటావేమో. పిలిస్తే నీ పేరు కూడా పోతుందని పిలవలా. నువ్వే వస్తావని చూసినా." ఆ మీద గొంతు మార్చుకుని, "పదకొండేళ్ళ పిల్లవి, నీకేం తెలుసులే. పొయ్యి మీద సాంబారుండాది, పెట్టేస్తా" అంది. పెట్టేసింది.

ఇన్నేళ్ళు నేను తప్పుడు చోట తవ్వుకుంటూ వచ్చాను. నా పాపం నోటిదనుకున్నాను, కాళ్ళది. దారి చెప్పకుండా ఉండి ఉంటే ఆ రోజు ఆగేదేమీ లేదు, ఇంకెవరో చెప్పేవాళ్ళు. దడి దాటి నలభై అడుగులు వేసి ఉంటే మాత్రం అక్క ఆ రోజు కాలువ దాటేది. ఒకరోజు దాటితే రెండోరోజు ఇంకో పిల్ల వచ్చి ఉండేదేమో. రాకపోయినా నేను ఉండేదాన్ని. దానికి ఇంటరు పూర్తయ్యేది. ఆ తర్వాత ఏమయ్యేదో నాకు తెలియదు, ఊహించుకోవడానికి కూడా నాకు హక్కు లేదనిపిస్తుంది.

మన కళ్ళ ముందే ఎన్ని మారిపోయాయి. కాలువ మీద వంతెన వచ్చింది, పడవాయన కొడుకు ఆటో తోలుకుంటున్నాడు. బడిలో ఆడపిల్లలకు సైకిళ్ళు ఇస్తున్నారు. వేటకు పోయిన పడవ ఎక్కడుందో చెప్పే పరికరాలు వచ్చాయి, గడపలో కూర్చుని దిక్కు గుర్తుపెట్టుకునే పని ఎవరికీ లేదు. మా పెద్దలు కూర్చున్న పాక చోట ఇప్పుడు సిమెంటు అరుగు, దాని మీద కుర్రవాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. ఆ దురాయి ఎప్పుడు పోయిందో తెలియదు, ఎవరూ ఎత్తివేయలేదు, అదే అరిగిపోయింది. ఇంతా మారి, రొయ్య తల తీయడానికి ఇంకా చిన్న వేళ్ళే వెతుకుతున్నారు, పిల్ల ఏ దారిన వస్తుందని ఇంకా అంతే తియ్యగా అడుగుతున్నారు. మా అవ్వలాగా లేచి నోట్లో మన్ను బొయ్య అనే మనిషి మాత్రం ఇప్పుడు తక్కువయింది. మనమందరం చదువుకున్నాం కదా, మర్యాద నేర్చుకున్నాం. గేటు ముందు నిలబడిన మనిషికి నేను "అండీ" అని జవాబు చెప్పాను.

నాకు ధైర్యం వచ్చిందని రాయడం లేదు. ఇప్పటికి రెండుసార్లు లేచి తలుపు గడియ చూసి వచ్చాను. పెద్దది నిద్రలో కూడా పిడికిలి బిగించుకుని ఉంది. దీన్ని నాయుడుపేట తీసుకుపోతే రేపటికి బతికిపోతాం. ఎల్లుండికి ఇది కూడా ఎవరి దడి వెనకనో నిలబడడం నేర్చుకుంటుంది.

తెల్లవారింది. పిల్లలు జడలు వేయించుకుని చెప్పులు తొడుక్కుంటున్నారు, ఈ నాలుగు ముక్కలు గడప దగ్గర నిలబడే రాస్తున్నాను. ఇందాక అన్నం పెట్టేటప్పుడు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అక్క కథ చెప్పాను, దడి వెనక ఉన్నది ఎవరో కూడా చెప్పాను. పెద్దది తింటున్న ముద్ద ఆపి నన్ను చాలాసేపు చూసింది. చిన్నది మాత్రం తనకు కావాల్సింది అడిగింది.

"మరి ఆ అంకుల్ మళ్ళీ వచ్చి అడిగితే ఏం చెప్పాలమ్మా? చెప్పొద్దా?"

"చెప్పు. దాచొద్దు. అక్క తోట దారినే వస్తుందని చెప్పు. అక్కతో మా అమ్మ కూడా వస్తుందని చెప్పు. వ్యాను కాడికి ఇప్పుడు నువ్వూ నడువు, ముగ్గురం పోదాం."